మూడు మిల్లీమీటర్ల చెక్క

మంగలికత్తి మంచిదంటే అందరి చూపూ అలుగు మీదికే పోతుంది. షెఫీల్డ్ ఉక్కు, సోలింగెన్ పదును అంటూ తరాలుగా చెప్పుకున్నారు. నంద్యాల సెలూన్లలో ఇప్పుడు సగం బ్లేడు దూర్చే కత్తులే కనిపిస్తాయి. అయినా పాత మడతకత్తి ఎక్కడైనా చేతికొస్తే, ముందు దాని పిడిని చూడమంటాను.

పిడి అంటే జానెడు కూడా లేని రెండు పలుచని చెక్కలు. ఒక చివర అలుగు తోకను పట్టుకునే ఇరుసు సీల ఉంటుంది. రెండో చివర చెక్కల నడుమ ఏటవాలుగా అరగదీసిన చిన్న ముక్కను ఇరికించి, దాన్నీ సీలతో బిగిస్తారు. ఆ ముక్క వల్ల చెక్కలు విల్లుల్లా కొద్దిగా బయటికి ఒంగుతాయి. మడిచిన అలుగు వాటి నడుమ దేనికీ తగలకుండా నిలవాలి.

మందం సమానంగా ఉండాలనేది అందుకే. చెక్క బిగువు దాని మందం ఘనాన్ని బట్టి మారుతుంది. ఒకటి 3 మిల్లీమీటర్లు, రెండోది 2.5 ఉంటే తేడా అర మిల్లీమీటరే, కానీ పలుచనిదాని బిగువు 42 శాతం తక్కువ. అది ఎక్కువగా ఒంగుతుంది, మందమైనది నిటారుగా మిగిలిపోతుంది. నడిమి గీత పక్కకు జరిగి, మూసినప్పుడల్లా పదునంచు చెక్కకు రాసుకుంటుంది. ఎంత బాగా సానపట్టినా ఆ కత్తి నిలవదు.

షెఫీల్డ్ పనివాళ్లు పిడికి ఎక్కువగా కొమ్మును వాడారు. వేడి చేసి అచ్చులో ఒత్తితే కొమ్ము చెప్పినట్టు వింటుంది. చెక్కకు ఆ గుణం లేదు, దాన్ని కొద్దికొద్దిగా తీస్తూ పలుచన చేయాలి. నల్లమలలో పెరిగే జిట్టేగి లాంటి గట్టి, నూనె గుణమున్న కలప ఈ తడి పనికి తగినది. రెండు చెక్కలూ ఒకే దిమ్మ నుంచి, పక్కపక్కనే కోయాలి. అప్పుడే వానాకాలపు తేమకూ ఎండాకాలపు వేడికీ రెండూ ఒకేలా స్పందిస్తాయి. కోసినవాటిని గాలి ఆడేలా పుల్లల మీద పేర్చి కొన్నాళ్లు వదిలేస్తారు. ఒంకర వచ్చేదేదో అప్పుడే వచ్చేస్తుంది.

ముందు ఒక ముఖం చదును చేయాలి. మందపాటి గాజు పలక మీద ఉప్పుకాగితం అంటించి, చెక్క మీద పెన్సిలుతో అడ్డదిడ్డంగా గీతలు గీసి రుద్దుతారు. ఆఖరి గీత చెరిగితేనే చదును వచ్చినట్టు. వేళ్ల ఒత్తిడి ఎక్కువైతే చివరలు ముందే అరిగిపోతాయి కాబట్టి నాలుగు రుద్దులకోసారి చెక్కను అటూ ఇటూ తిప్పుతారు.

రెండో ముఖానికి వాడే ఉపాయం నాకు ఎంతో ఇష్టం. చదునైన ముఖాన్ని దిమ్మకు అంటించి, రెండు పక్కలా సరిగ్గా 3 మిల్లీమీటర్ల ఇనుప పట్టీలు బిగిస్తారు. చిత్రిక చెక్క మీద పొర తీస్తూ దిగుతుంది, దాని అడుగు పట్టీలను తాకగానే కోత ఆగిపోతుంది. పనివాడి కంటికి అందని తేడాను ఆ రెండు పట్టీలు పట్టుకుంటాయి. జిట్టేగిలో పేళ్లు అటొకటి ఇటొకటి తిరిగి ఉంటాయి, చిత్రిక వాటిని చీల్చేసే ప్రమాదం ఉంది. అందుకే చివరి పొరలను పాత వడ్రంగుల పద్ధతిలో గాజుపెంకుతో గీకుతారు. ఆళ్లగడ్డ శిల్పి ఉలిదెబ్బ లాగే ఇక్కడ తీసింది తిరిగి రాదు.

ఇరుసు వచ్చే చివర, నడుమ, రెండో చివర, రెండంచులా వెర్నియర్ పెట్టి చూస్తారు. తేడా పదో వంతు మిల్లీమీటరు దాటకూడదు. తర్వాత రెండు చెక్కలనూ జతగా అంటించి ఒకేసారి ఆకారం కోసి, సీలల రంధ్రాలు తొలుస్తారు. ఇక గుండ్రం చేసినా, నునుపు పెట్టినా బయటి ముఖానే. లోపలి ముఖాన్ని మళ్లీ ముట్టుకోరు.

సీలలు బిగించాక పరీక్ష సులువు. అలుగు మూసి, పిడిని నడుమ రెండు వేళ్లతో నొక్కాలి. రెండు చెక్కలూ ఒకే తీరున లోపలికి ఒంగి, వదలగానే ఒకే తీరున తిరిగి వస్తే పని కుదిరినట్టే. ఒకటి మొండికేస్తే సీలలు ఊడదీసి, ఆ చెక్కను బయటివైపు మరికొంత గీకాలి.