పిరనేసి చెక్కిన నీరో జలవాహిక: ఒక పరిశీలన

సామ్రాజ్యముల గర్వభంగమును బోధించుటకు రోమా శిథిలముల చిత్రములను ప్రసంగములలో చూపుట మనకు అలవాటు. ఆ వాడుక ఎంతవరకు న్యాయమో తెలిసికొనుటకు పిరనేసి (1720-1778) రాగిరేకుపై చెక్కి ముద్రించిన నీరో జలవాహిక చిత్రమును ఇక్కడ పరిశీలించుచున్నాము.

క్లౌదియ చక్రవర్తి క్రీ.శ. 52లో పూర్తిచేసిన కాలువనుండి కైలియన్ కొండకు నీరు తెచ్చుటకు నీరో ఈ కమానుల శాఖను కట్టించెను. పౌలు ఖైదీగా రోమాకు చేరిన దశకములోనే ఇది జరిగినది.

పిరనేసి తన రోమా దృశ్యములలో మనుష్యులను మిక్కిలి చిన్నవారిగా చూపును. అందుచేత శిథిలము ఉన్నదానికంటె గొప్పదిగా కనబడును. చిత్రమునకు అదే బలము; తొందరపడు బోధకునికి అదే ఉరి.

ఇది దేవుడు నీరోకు విధించిన తీర్పని చెప్పవచ్చునా? చెప్పలేమని మా అభిప్రాయము. 537లో రోమాను ముట్టడించిన గోత్ సైన్యము నగరపు జలవాహికలను తెగగొట్టినప్పటికి నీరో చనిపోయి 400 ఏండ్లు దాటినవి. స్నానశాలలును పిండిమరలును ఆగగా నష్టపోయినవారు సామాన్య జనులే.

చిత్రము క్రింది వ్రాత మరియొక సంగతి చెప్పుచున్నది. పాతబడినదని కూల్చదలచిన ఈ కట్టడము పోపు 14వ క్లెమెంట్ ఆజ్ఞచేత నిలిచినదట. అనగా చిత్రకారుడు చూపగోరినది నాశనమును కాదు, కాపాడబడిన శేషమును.

సందర్భము చూడక వాక్యమును బోధింపము. చిత్రమునకును అదే న్యాయము చేయుదము.