దారి అడగాల్సిన లోకం

బాల్మోరా ఊరికి దక్షిణాన బయటికొచ్చి, తూర్పుకు తిరిగి, ఒడాయ్ నది మీది వంతెన దాటాలి. అక్కడి నుంచి మూన్‌మాత్ కోట దారి పట్టాలి. కోట దాటి ఇంకా తూర్పుకు నడిస్తే, ఎప్పుడో లావా పారి ఎండిపోయిన లోతైన గండి ఒకటి అడ్డం వస్తుంది. దాని మీద ద్వెమర్ అనే అంతరించిన జాతి కట్టిన పాత వంతెన ఉంటుంది. దాన్ని దాటి గుట్ట మీదికి చూస్తే ఆర్క్‌న్‌థాండ్ శిథిలాలు కనిపిస్తాయి. తలుపు తోస్తే తెరుచుకోదు. దగ్గర్లో ఒక గొట్టానికి బిగించిన తిరుగుడు పిడి ఉంది, దాన్ని తిప్పాలి. లోపల ఎక్కడో చేతిలో ఇమిడేంత పెట్టె ఒకటి ఉంటుంది. అది తేవాలి.

'మారోవిండ్' ఆటలో మొదట్లోనే దొరికే పని ఇది. తెర మీద బాణం గుర్తు ఉండదు, మ్యాప్ మీద మెరిసే చుక్క ఉండదు. ఊళ్లో ఒకాయన చెప్పిన దారి, ఆ మాటలు రాసి ఉన్న దినచర్య పుస్తకం, మీ రెండు కళ్లు. ఉన్న సరంజామా అంతే. ఆ పెట్టె కోసం గంటలకొద్దీ వెతికి విసిగిపోయినవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. అదే జనం ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఆ గండిని, ఆ వంతెనను, ఆ గుట్టను కళ్లకు కట్టినట్టు చెప్పగలరు. నిన్న మొన్న ఆడిన ఇంకో పెద్ద ఆటలో గుహ ఎక్కడుందని అడిగితే మాత్రం తడుముకుంటారు.

ఓపెన్ వరల్డ్ ఫాంటసీ గేముల్లో కొన్ని మనల్ని తమలోకి ఎందుకు లాక్కుంటాయి, కొన్ని అంత అందంగా ఉండీ రెండో వారానికే ఎందుకు విసుగెత్తిస్తాయి? ఈ ప్రశ్నకు బొమ్మల నాణ్యత, మ్యాప్ వైశాల్యం, యుద్ధాల వేగం అంటూ చాలా జవాబులు వినిపిస్తాయి. నా జవాబు ఒకటే. ముందుకు సాగాలంటే ఆ నేలను చూడక తప్పని పరిస్థితి ఉండాలి. ఉంటే లోకం ఉన్నట్టు. లేకపోతే ఎంత అందమైన కొండయినా గోడకు వేసిన రంగే.

వైశాల్యం సంగతి ముందు తేల్చేద్దాం. అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రానికి చెందిన బెథెస్డా కంపెనీ 1996లో 'డాగర్‌ఫాల్' విడుదల చేసింది. దాని లోకం గ్రేట్ బ్రిటన్ అంత ఉంటుందని ప్రచారం చేసుకుంది. ఊళ్లు, గుహలు, కోటలు కలిపి దాదాపు 15,000 ప్రదేశాలు. అన్ని ప్రదేశాలను మనుషులు కూర్చుని గీయడం అసాధ్యం కనుక అధికభాగాన్ని కంప్యూటర్ సూత్రాలతో పుట్టించారు. ఫలితం ఊహించగలిగిందే. ఒక ఊరు చూస్తే వంద ఊళ్లు చూసినట్టే. మధ్యలో ఉన్న నేలను ఎవరూ నడవరు, నడిచినా ఏమీ లేదు. డాగర్‌ఫాల్‌కు వేరే గొప్పతనాలున్నాయి, వాటిని ప్రేమించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కానీ అంత పెద్ద నేలలో గుర్తుంచుకోదగ్గ చెట్టు ఒక్కటి లేదు.

ఆ వరసలో తర్వాతి ప్రధాన ఆటకు అదే కంపెనీ ఎదురు దారి పట్టింది. టాడ్ హోవర్డ్ నాయకత్వంలో, కెన్ రోల్‌స్టన్ ప్రధాన రూపకర్తగా, మారోవిండ్‌ను ఒకే ఒక్క ద్వీపానికి కుదించారు. ద్వీపం పేరు వార్డెన్‌ఫెల్. నడుమ రెడ్ మౌంటెన్ అనే అగ్నిపర్వతం. ఈసారి కొండలు, ఊళ్లు, గుహలు చేత్తో కూర్చారు. 2002లో ఆట బయటికొచ్చింది.

ఆ ద్వీపంలో నేలకే ఒక తర్కం ఉంది. లావా పారిన గండ్లను అక్కడివాళ్లు ఫోయాడా అంటారు. అవి అగ్నిపర్వతం నుంచి కిందికి దిగుతాయి కనుక, ఏ ఫోయాడాలోనైనా పైకి నడుస్తూ పోతే పర్వతం దగ్గర పడుతుంది. ఈ సంగతి ఆట మీకు పాఠంలా చెప్పదు. రెండు మూడుసార్లు దారి తప్పాక మీకే తడుతుంది. తట్టిన క్షణం నుంచి మీరు ఆ ద్వీపానికి కొత్తవారు కాదు. పర్వతానికి దగ్గరైనకొద్దీ పచ్చదనం తగ్గి బూడిద పెరుగుతుంది. బూడిద తుఫాను లేస్తే దారిన పోయేవాళ్లు మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుని నడుస్తారు. మీ పాత్ర కూడా అంతే.

ప్రయాణం ఎలా సాగుతుందో చూడండి. సిల్ట్ స్ట్రైడర్ అనే కొండంత పురుగు వీపు మీద కూర్చుని కొన్ని ఊళ్ల మధ్య పోవచ్చు. తీరం వెంట పడవలున్నాయి. మంత్రగాళ్ల సంఘాల మధ్య, డబ్బిస్తే, రెప్పపాటులో చేర్చే మనుషులున్నారు. ఒక మంత్రం దగ్గర్లోని దేశీ గుడికి చేరుస్తుంది, ఇంకో మంత్రం దగ్గర్లోని సామ్రాజ్యపు గుడికి. ఒకచోట గుర్తు పెట్టుకుని, ఎక్కడి నుంచైనా అక్కడికే తిరిగొచ్చే మంత్రాల జంట ఇంకొకటి. వీటిలో ఏ ఒక్కటీ అన్ని చోట్లకూ పోదు. అందుకే ఆటగాడు బుర్రలో లెక్క వేసుకుంటాడు: పురుగెక్కి వివెక్ నగరం, అక్కడ పడవ, దిగాక అరగంట నడక, పని అయ్యాక మంత్రంతో గుడికి, గుడి నుంచి మళ్లీ పురుగు. బస్సులు మారి పోవాల్సిన పల్లెటూరి ప్రయాణంలాగే ఇదీ. ఎక్కడ ఏది దొరుకుతుందో తెలిసినవాడికి ఊరు సొంతమవుతుంది. మ్యాప్ మీద నొక్కితే చేరిపోయే ఆటల్లో ఇంత తెలివికి చోటే లేదు.

ఈ లోకం మీ కోసం కట్టింది కాదని అడుగడుగునా గుర్తుచేస్తుంది. టెల్వానీ వంశపు మాంత్రికులు పుట్టగొడుగుల్లా పెరిగే బురుజుల్లో ఉంటారు. పై అంతస్తుకు మెట్లుండవు. గాల్లోకి లేచే విద్య వాళ్లకుంది కనుక మెట్ల అవసరం రాలేదు. పైకి వెళ్లాలంటే మీరు ఆ మంత్రమైనా నేర్చుకోవాలి, మందైనా కొనుక్కోవాలి. ఒక్క మెట్ల వరస తీసేసి ఆ మాంత్రికుల గర్వాన్ని, బతుకు తీరును చెప్పేశారు. పది పేజీల సంభాషణ రాసినా ఇంత బాగా చెప్పలేరు.

ఆట మొదలయ్యే సేడా నీన్ ఊరి బయట ఇంకో వింత. కేక వేస్తూ ఆకాశం నుంచి ఒక మాంత్రికుడు మీ ముందు పడి చస్తాడు. జేబులో దినచర్య పుస్తకం, మూడు మంత్ర పత్రాలు. ఒక పత్రం చదివి గెంతితే ద్వీపంలో సగం దాటిపోయేంత ఎత్తుకు లేస్తారు. దిగే లోపు మంత్రం శక్తి అయిపోతుంది. చనిపోయినవాడికి ఏమైందో మీకు అప్పుడు అర్థమవుతుంది. నేల తాకే లోపు రెండో పత్రం చదివినవాడు మాత్రం బతుకుతాడు. ఆట మిమ్మల్ని ఆపలేదు, హెచ్చరిక పలక పెట్టలేదు. మీ తెలివికి ఒక అవకాశం, మీ తొందరకు ఒక శిక్ష.

అదే ధైర్యం కథలోనూ ఉంది. ప్రధాన కథకు అవసరమైన మనిషిని మీరు చంపేస్తే, ఇక ఈ లోకపు జోస్యం తెగిపోయిందని ఆట చెబుతుంది. పాత ఆటను మళ్లీ తెరుచుకుంటారో, తెగిన లోకంలోనే బతుకుతారో మీ ఇష్టం.

మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథల్లో గోపకుమారుడు మణిసిద్ధుడితో ప్రయాణానికి ఒప్పుకున్న షరతు మనకు తెలిసిందే. మజిలీలో తాను ఏ వింత చూసి అడిగితే దాని కథ చెప్పాలి. ముందు కన్ను, తర్వాత ప్రశ్న, ఆ తర్వాతే కథ. మంచి ఓపెన్ వరల్డ్ ఆట నడిచేదీ ఈ వరసలోనే. వివెక్ నగరం మీద గాల్లో ఒక పెద్ద బండ వేలాడుతుంటుంది. దాని లోపల జైలు ఉంది. ఇదెందుకు పడిపోవడం లేదని అడిగితే గుడి మనుషులు తమ దేవుడి మహిమ చెబుతారు. ఆ దేవుడి గురించి అడుగుతూ పోతే బూడిద నేలల్లో తిరిగే సంచార తెగలు పూర్తిగా వేరే చరిత్ర చెబుతాయి. రెడ్ మౌంటెన్ యుద్ధంలో నెరెవార్ అనే వీరుడు ఎలా చనిపోయాడన్నది ఈ ఆటకు గుండెకాయ. ఆ సంగతి మీద పుస్తకాలు, మనుషులు ఒకరి మాటను ఒకరు కాదంటారు. ఏది నిజమో ఆట తేల్చదు. చదివి, విని, మీరే ఒక అభిప్రాయానికి రావాలి. చెడు రాజు, మంచి వీరుడు, లోకాన్ని కాపాడే కత్తి అనే మూస కథలతో నిండిన ఆటల పక్కన పెట్టి చూస్తే దీని విలువ తెలుస్తుంది.

మారోవిండ్ లోపాలు చిన్నవేం కాదు. జనంలో చాలామంది రాత్రీ పగలూ నిల్చున్న చోటే నిల్చుంటారు. పది మందిని ఒకే ప్రశ్న అడిగితే ఒకే జవాబు అక్షరం పొల్లుపోకుండా వస్తుంది. కత్తి ఎదుటివాడికి తగిలినట్టు కనిపించినా లోపల పాచికల లెక్క తగల్లేదంటుంది. క్లిఫ్ రేసర్లనే ఎగిరే జంతువులు నడకను నరకం చేస్తాయి. కొన్ని పనుల్లో చెప్పిన దారే అస్పష్టం. ఇన్ని లోపాలున్నా లోకం నమ్మించింది కాబట్టే, నిజ జీవితాన్ని అచ్చు దింపడం ఒక్కటే లీనం చేయదని చెప్పగలుగుతున్నాను.

అవతలి వైపు నుంచి ఇదే పని చేసిన ఆట జర్మనీ నుంచి వచ్చింది. పిరాన్యా బైట్స్ అనే చిన్న బృందం 2001లో చేసిన 'గోథిక్'. మంత్రపు గోడ మూసేసిన గనుల లోయ, అందులో ఖైదీలు. వాళ్లు పొద్దున లేస్తారు, పనికి పోతారు, సాయంత్రం మంట చుట్టూ చేరతారు. పరాయి ఇంట్లోకి చొరబడితే తిడతారు, కత్తి దూస్తే ఎదురు తిరుగుతారు. కొత్తగా కత్తి పట్టినప్పుడు మీ పాత్ర దాన్ని రెండు చేతులతో మొరటుగా పట్టుకుంటుంది. గురువు దగ్గర డబ్బిచ్చి నేర్చుకున్నాక ఒంటి చేత్తో, నడుం తిప్పి కొడుతుంది. నైపుణ్యం పెరగడం అంటే అంకె పెరగడం అని కాకుండా ఒంట్లో మార్పుగా చూపిన ఆటలు ఈనాటికీ తక్కువ. అక్కడి అడవిలో మొదటి రోజు మిమ్మల్ని తరిమిన మృగం నెల తర్వాతా అదే బలంతో ఉంటుంది. మారింది మీరు. ఆ రోజు దానికి ఎదురుగా నిలబడడంలో ఉన్న తృప్తి ఏ బహుమతికీ తీసిపోదు.

2006లో బెథెస్డా తెచ్చిన 'ఆబ్లివియన్'లో ఈ తృప్తే పోయింది. మీరు బలపడినకొద్దీ లోకం కూడా మీతో పాటు బలపడుతుంది. తొలిరోజుల్లో చిరుగు తోలు వేసుకున్న దారిదోపిడీ దొంగ, తర్వాత రాజుల దగ్గర కూడా అరుదుగా ఉండాల్సిన గాజు కవచం వేసుకుని వచ్చి, వంద నాణేలిస్తావా చస్తావా అంటాడు. ఆ కవచం అమ్ముకుంటే వాడు జీవితాంతం కూర్చుని తినొచ్చు. ఒక్క దొంగతో ఆ దేశపు ఆర్థిక వ్యవస్థ మీద నమ్మకం పోతుంది. ఎక్కడికి పోయినా ఎదురయ్యే కష్టం ఒకటే అయినప్పుడు ఎక్కడికి పోవాలన్న ప్రశ్నకు బరువుండదు.

అందులోనే దిక్సూచి మీద గుర్తు వచ్చింది. దీనికి సోమరితనాన్ని తప్పుపట్టలేం. మారోవిండ్‌లో సంభాషణ అధికభాగం రాత. పేరా పొడవునా దారి వర్ణించడానికి ఖర్చు లేదు. ఆబ్లివియన్‌లో అన్ని మాటలకూ గొంతు ఇచ్చారు. ప్రతి వాక్యానికీ నటుడు, స్టూడియో, డిస్క్‌లో చోటు కావాలి. రికార్డింగ్ అయ్యాక గుహను గుట్టకు అటువైపు జరిపితే మాట తప్పవుతుంది. మాటలు పొట్టివయ్యాయి, దారి చెప్పే పని గుర్తుకు అప్పగించారు. నా దృష్టిలో ఈ రకం ఆటల చరిత్రలో అన్నిటికన్నా ఖరీదైన మలుపు అదే. గుర్తు వచ్చాక కళ్లు నేల మీంచి తెర అంచుకు పోయాయి. 2011లో వచ్చిన 'స్కైరిమ్' మంచు కొండలు అపురూపం, దాని సంగీతం ఇంకా అపురూపం, కనిపించిన కొండల్లో చాలావాటిని ఎక్కొచ్చు. అయినా గుర్తులు తీసేసి ఆడదామంటే చాలా పనులు కుదరవు. ఫలానా గుహకు పో అంటారే తప్ప, అదెక్కడో ఎవరూ నోరు తెరిచి చెప్పరు.

ఆ తర్వాతి దశాబ్దం మ్యాప్ నిండా బొమ్మ గుర్తులు పరిచే ఆటలది. 2015 నాటి 'విచర్ 3' వంటి గొప్ప ఆట కూడా ఇందుకు మినహాయింపు కాదు. అందులో బ్లడీ బారన్ అనే పాత్ర కుటుంబ కథ సాహిత్యంతో సమానంగా నిలుస్తుంది. అదే ఆటలో స్కెలిగే సముద్రం మీద చల్లిన ప్రశ్నార్థకాల వెంట పడవేసుకుని తిరగడం గుమాస్తా పని.

దారి మళ్లీ నేల మీదికి తిరిగింది 2017లో. నింటెండో 'బ్రెత్ ఆఫ్ ద వైల్డ్'లో బురుజు ఎక్కితే మ్యాప్ ఆకారం తెలుస్తుంది గానీ గుర్తులేవీ రాలవు. దుర్భిణితో చూసి మీకు నచ్చిన చోట మీరే గుర్తు పెట్టుకోవాలి. కొండలను త్రికోణాల్లా మలిచి, వాటి వెనక ఏదో ఒకటి దాచి, ఎక్కాలా చుట్టి రావాలా అని అడుగడుగునా తేల్చుకునేలా చేశామని ఆ బృందమే చెప్పింది. దూరాలు సరిగ్గా ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి తాముండే క్యోటో నగరం పటాన్ని కొలతగా వాడుకున్నారు. రోజూ నడిచే వీధులు ఒంటికి తెలుసు కదా. 2022లో 'ఎల్డెన్ రింగ్' కూడా పనుల జాబితా ఇవ్వకుండానే కోట్ల మందిని ఆడించింది. దారి చూపకపోతే జనం పారిపోతారన్న భయం తప్పని తేలింది.

మారోవిండ్ లోకానికి పరిమితులు కూడా మేలు చేశాయి. అప్పటి ఎక్స్‌బాక్స్ మెమరీ 64 మెగాబైట్లు. ఆ కాలపు యంత్రాలు దూరం వరకు గీయలేవు కనుక కొద్ది దూరంలోనే మంచు తెర కమ్ముకునేది. ఇప్పుడు అభిమానులు చేసిన మార్పులతో ఆ తెర తీసేసి చూస్తే ద్వీపం ఎంత చిన్నదో తెలిసి ఆశ్చర్యం వేస్తుంది. వంకర దారులు, మధ్యలో గుట్టలు, ముందున్నది కనిపించకపోవడం అన్నీ కలిసి దాన్ని పెద్దది చేశాయి. కొత్తగా ఆడేవాళ్లు ఆ తెరను అలాగే ఉంచుకోవాలని నా గట్టి సలహా.

పీసీ ఆటతో పాటు బెథెస్డా ఇచ్చిన తయారీ పరికరంతో అభిమానులు ఇరవై ఏళ్లకు పైగా ద్వీపం అవతలి ప్రధాన భూమిని కడుతున్నారు. ఆ ప్రయత్నం పేరు టామ్రియెల్ రీబిల్ట్. జీతం లేదు, పూర్తయ్యే తేదీ లేదు. దాని కొత్త ఊళ్లలోనూ పని చెప్పే మనుషులు దారిని మాటల్లోనే చెబుతారు. అక్కడికి పోవాలన్నా ముందు సేడా నీన్‌లో ఓడ దిగాలి. ఊరి బయట సిల్ట్ స్ట్రైడర్ ఉంటుంది. మొదటిసారి దాన్ని ఎక్కకండి. పెలాజియడ్ మీదుగా బాల్మోరాకు నడిచి వెళ్లండి.