అంకాస్యమును ఆకాంక్షయు: ‘హిట్’ చిత్రత్రయ విమర్శనము

శైలేశ్ కొలను దర్శకత్వమున 2020, 2022, 2025 సంవత్సరములలో వెలువడిన ‘హిట్’ చలనచిత్రములు మూఁడును హత్యావిచారణ కథలు. మొదటిదానికి విక్రమ్ రుద్రరాజు (విష్వక్ సేన్), రెండవదానికిఁ గృష్ణదేవ్ (అడివి శేష్), మూఁడవదానికి అర్జున్ సర్కార్ (నాని) నాయకులు. రెండవ చిత్రమున విశాఖపట్టణపు హంతకుఁడు పట్టువడిన పిదప అర్జున్ సర్కార్ ప్రవేశించి రానున్న కథను సూచించును. ఇట్టి సంధానమును గేవలము వ్యాపారతంత్రమని కొందఱు నిందింతురు. నవీనశిల్పమని కొందఱు మెత్తురు. ఈ రెండును సరికావు.

ఇది మనకుఁ గ్రొత్తది కాదు. అంకాంతమునందలి పాత్రము రాఁబోవు నంకార్థమును సూచించుట యంకాస్యమని దశరూపకమునఁ గలదు. మహావీరచరిత ద్వితీయాంకాంతమున సుమంత్రుఁడు ప్రవేశించుట దీని కుదాహరణము. కాని యచట రెండంకములకును ఫల మొక్కటియే. సూచన యా నాటకమునకే యుపకరించును. ఇచటఁ గృష్ణదేవుని కార్యము నిర్వహణసంధితో ముగిసినది. అర్జునుని రాక దానికి నావగింజంతయు నుపకరింపదు.

ఇఁక వ్యాకరణమర్యాదఁ జూతము. పూర్వసూత్రపదము పరసూత్రమున ననువర్తించుటకు ఆకాంక్షయే హేతువు. మొదటి చిత్రమున విక్రముని బాధించు పూర్వవృత్తము పూర్తిగఁ దెలుపఁబడలేదు. రెండవ చిత్రము నాయకునే మార్చి యా యాకాంక్షను దీర్పక విడిచినది. నాయకుని మార్చుట స్వతః దోషము కాదు. మండూకప్లుతిన్యాయమున నొక సూత్రమును దాఁటియైనఁ బద మనువర్తింపవచ్చును. పాతయాకాంక్ష నిలిచియుండఁగాఁ గ్రొత్తదానిని బుట్టించుటయే దోషము. కావలసిన పదము రాలేదు. అక్కఱలేని పదము వచ్చి చేరినది. నా యాక్షేపణ మెల్ల నిదియే.

మూఁడవ చిత్రమునఁ గృష్ణదేవుఁడు కొంతసేపు తోడ్పడవచ్చుట మాత్రము యుక్తము. అల్పకాలము నిలిచి ప్రధానకార్యమున కుపకరించు వృత్తమును బ్రకరి యందురు. ప్రేక్షకుఁ డాతని ముందే యెఱుఁగును గాన పరిచయవాక్యములతోఁ బనిలేదు. అతఁడు వచ్చెను, పనిచేసెను. అంతమున వీరప్పన్ అను పోలీసు అధికారి వేషమునఁ గార్తి కనఁబడుటతో మరలఁ బాతదోషమే యావర్తించినది.

మన నంద్యాల ప్రభువగు కృష్ణభూపతికిఁ గృతియయిన పింగళి సూరన కళాపూర్ణోదయముఁ జూడుఁడు. మొదటఁ బుట్టిన సందేహములు కలభాషిణి మధురలాలసగాఁ బుట్టిన పిమ్మటఁ గాని తీఱవు. ఎంత దూర మీడ్చినను సూరన యొక్కప్రశ్నకైన ఋణపడి పోలేదు. కథాసంధానము నభిమతమే, కాని క్రొత్తయప్పు చేయుటకు ముందు పాతయప్పు దీర్పవలదా?