ప్రాచీన చైనీస్‌లో పక్షి పదాలు

ప్రాచీన చైనీస్ రాతల్లో పక్షి అనే అర్థానికి ప్రధానంగా మూడు మాటలు ఉన్నాయి: నియావ్, జ్వేయ్, ఛిన్. ఇక్కడ ఇచ్చిన ఉచ్చారణలు నేటి మాండరిన్‌వి. ఆ గ్రంథాలు పుట్టిన కాలపు పలుకుబడి వేరు. మూడు మాటలనూ నిఘంటువులు చక్కగా విడదీసి చూపుతాయి. గ్రంథాల్లోని వాడుక మాత్రం ఆ హద్దులకు లోబడదు. పాత చైనీస్ చదివేవారికి నిర్వచనం ఎంత అవసరమో, అది ఎక్కడ పనిచేయదో తెలియడమూ అంతే అవసరం.

క్రీ.శ. 100లో షూ షెన్ పూర్తిచేసిన 'షువోవెన్ జియెజీ' చైనా లిపికి తొలి సమగ్ర నిఘంటువు. అందులో 9,353 అక్షరాలు 540 శీర్షికల కింద ఉన్నాయి. దాని ప్రకారం పొడుగు తోక పక్షులన్నిటికీ నియావ్ సామాన్య నామం, పొట్టి తోక పక్షులకు జ్వేయ్. వినడానికి తేలికైన ఈ సూత్రం అక్షరాల దగ్గరకొచ్చేసరికి నిలవదు. తోక బారుగా ఉండే ఫెజెంట్ పక్షి పేరు జ్వేయ్ గుర్తుతో రాస్తారు. తోక పొట్టిగా ఉండే సారసం పేరులో నియావ్ గుర్తు ఉంది. కోడిని రెండు విధాలా రాయవచ్చని షూ షెన్ నిఘంటువే చూపుతుంది. ఆన్‌యాంగ్‌లో దొరికిన షాంగ్ రాజవంశం నాటి ఎముకల మీది రాతలు చూశాక పండితులకు విషయం స్పష్టమైంది. ఈ రెండు గుర్తులూ మొదట ఒకే పక్షి బొమ్మకు రెండు రూపాలు: ఒకటి కొద్ది గీతలది, మరొకటి వివరంగా గీసినది. తర్వాతి గ్రంథాల్లో జ్వేయ్ విడి పదంగా దాదాపు కనిపించదు. వేరే అక్షరాల్లో భాగంగానే బతికింది. పక్షి అని మామూలుగా చెప్పాలంటే నియావ్ అనడమే రివాజు.

మూడో మాట ఛిన్ వేట నుంచి వచ్చింది. దాని పాత రూపం పిడి ఉన్న వల బొమ్మ. మొదటి అర్థం పట్టుకోవడం, ఆపైన పట్టుబడినది. వలలో పడింది పక్షా, జింకా అన్న తేడా ఆ మాటకు తొలినాళ్లలో లేదు. శకున గ్రంథం 'ఇ జింగ్'లో ఛిన్ అంటే వేట జంతువు. షూ షెన్ దీన్ని నడిచే మృగాల సామాన్య నామంగానే చెప్పాడు. హాన్ రాజవంశ కాలం నాటికి స్థిరపడిన పదకోశం 'అర్‌యా' మాత్రం రెండు కాళ్లూ ఈకలూ ఉన్నది ఛిన్, నాలుగు కాళ్లూ వెంట్రుకలూ ఉన్నది షౌ అని విడదీసింది. తర్వాతి భాషలో ఈ విభజనే నిలిచింది. అయినా పాత అర్థం పూర్తిగా పోలేదు. వైద్యుడు హువా తువో పేరుతో ప్రసిద్ధమైన 'ఐదు ఛిన్‌ల ఆట' అనే వ్యాయామంలో పులి, జింక, ఎలుగు, కోతి, పక్షి ఉన్నాయి. అయిదింటిలో ఈకలున్నది ఒక్కటే. ఛిన్, షౌ కలిపి ఛిన్‌షౌ అంటే జంతుజాలం. తండ్రినీ రాజునూ లెక్కచేయని మనుషుల్ని కన్ఫ్యూషియస్ మార్గానికి చెందిన తత్త్వవేత్త మెన్షియస్ ఛిన్‌షౌ అని నిందించాడు. ఈ నింద నియావ్ అన్న మాటలో లేదు.

ఆడ, మగ భేదానికి కూడా పక్షులకు వేరే మాటలున్నాయి. ఆడపక్షి త్స, మగపక్షి ష్యోంగ్. ఈ రెండు అక్షరాల్లోనూ జ్వేయ్ గుర్తు ఉంటుంది. నాలుగు కాళ్ల జంతువులకు ఫిన్, మూ అంటారు. వాటిలో ఎద్దు గుర్తు ఉంటుంది. ఈ నియమానికీ మొదటి నుంచి మినహాయింపులున్నాయి. 'గీతాల గ్రంథం'లో మగనక్కకు పక్షి మాట ష్యోంగ్ వాడారు. ప్రాచీన రాజపత్రాల సంకలనం 'షూ జింగ్'లో కోడిపెట్టకు జంతువు మాట ఫిన్ వాడారు. కాలక్రమంలో ష్యోంగ్‌కు బలం, వీరత్వం అనే అర్థాలు కలిశాయి. క్రీ.పూ. 3వ శతాబ్ది చివర తన ప్రత్యర్థి లియూ బాంగ్‌ను ద్వంద్వయుద్ధానికి పిలిచిన ష్యాంగ్ యూ 'త్స ఎవరో, ష్యోంగ్ ఎవరో తేల్చుకుందాం' అన్న ధోరణిలో మాట్లాడినట్లు సీమా ఛియెన్ చరిత్ర చెబుతుంది. ఇక్కడ పక్షీ లేదు, ఆడదీ లేదు. గెలుపూ ఓటమే ఉన్నాయి. కొన్ని పేర్లలో జంట మొత్తం ఇమిడి ఉంటుంది. ఫెంగ్ హువాంగ్ అనే దివ్యపక్షిలో ఫెంగ్ మగది, హువాంగ్ ఆడది. మాండరిన్ బాతు పేరు యువాన్‌యాంగ్‌ను కూడా సంప్రదాయం ఇలాగే విడదీసి చూపుతుంది.

పిల్లల విషయంలో 'అర్‌యా' మరింత సూక్ష్మంగా చూసింది. పుట్టాక తల్లి నోటికి అందిస్తే గాని బతకలేని పిల్ల కౌ. పుట్టీ పుట్టగానే తానే పొడుచుకు తినేది చూ. గూట్లో నోరు తెరుచుకుని కూర్చునే పిచ్చుక పిల్లకూ, తల్లి వెంట గింజలేరుకునే కోడిపిల్లకూ ఉన్న తేడా ఇదే. ఆధునిక పక్షిశాస్త్రం కూడా ఈ తేడాను ముఖ్యమైన విభజనగానే పాటిస్తుంది. తర్వాతి వాడుకలో చూ మాటే విస్తరించి ఏ పక్షి పిల్లకైనా చెల్లింది.

అడవిదా, ఇంటిదా అన్నది మరో భేదం. 'అర్‌యా'లోని 19 అధ్యాయాల్లో 17వది పక్షుల గురించి. కోడి అందులో లేదు. గుర్రం, ఆవు, గొర్రె, కుక్కలతో పాటు చివరిదైన పశువుల అధ్యాయంలో ఉంది. కోడిని ఆ పదకోశం ఈకలను బట్టి కాక ఇంటి సంపదగా లెక్కించింది. అడవిలోని గూస్ బాతు యెన్. ఇంట్లో పెంచేది అ. ఈ పెంపుడు దాన్ని 'అర్‌యా' 'తాపీ యెన్' అని వివరించింది. అయితే తాత్త్విక గ్రంథం 'జువాంగ్‌జీ'లో అతిథి కోసం కోసిన, కూత రాని బాతును యెన్ అనే పిలిచారు. సందర్భం చూస్తే అది ఇంటిదే.

యెన్‌కు గౌరవం ఎక్కువ. ప్రాచీన వివాహ విధిలోని ఆరు ఘట్టాల్లో అయిదింటికి వరుడి వైపువారు ఈ బాతును కానుకగా తీసుకెళ్లాలి. ష్యోంగ్‌ను అనే ఉత్తరాది సంచార జాతి వద్ద 19 ఏళ్లు బందీగా ఉన్న రాయబారి సూ వూ క్రీ.పూ. 81లో విడుదలయ్యాడు. చక్రవర్తి వేటలో కొట్టిన యెన్ కాలికి అతని ఉత్తరం కట్టి ఉందని హాన్ రాయబారి చెప్పిన కథే అందుకు దారితీసిందని హాన్ వంశ చరిత్ర 'హాన్ షూ' రాసింది. దాంతో యెన్ ఉత్తరానికి మారుపేరైంది. ఇదే జాతిలో పెద్దది హోంగ్, చిన్నది యెన్ అని 'గీతాల గ్రంథం' మీది మావ్ వ్యాఖ్య చెబుతుంది. హోంగ్ మాటకు గొప్పది అన్న అర్థమూ ఉంది. క్రీ.పూ. 209లో తిరుగుబాటు లేవదీసిన కూలి చెన్ షెంగ్, పెద్ద పక్షి ఆశయం చిన్న పిట్టలకేం తెలుసన్నప్పుడు ఆ పెద్ద పక్షి పేరులో హోంగ్, చిన్న పిట్టల్లో పిచ్చుక ఉన్నాయి.

ఒకే మాట అనేక పక్షులకు చెల్లడమూ ఉంది. జియూ అంటే గువ్వ. దానికి ముందు వేరే మాట చేరితే కోకిల కావచ్చు, డేగ కావచ్చు, చేపలు పట్టే గద్ద కావచ్చు. 'గీతాల గ్రంథం' మొదటి గీతంలోని జూజియూ ఏ పక్షి అన్నదానిపై వ్యాఖ్యాతల వాదం శతాబ్దాలు సాగింది. గీతాలు చదివితే పక్షుల, మృగాల, మొక్కల పేర్లు తెలుస్తాయని కన్ఫ్యూషియస్ శిష్యులకు చెప్పాడు. ఆ పేర్ల వెనకున్న ప్రాణుల్ని గుర్తించడమే తర్వాత ఒక విద్య అయింది. మూడు రాజ్యాల కాలంలో లూ జీ ఈ విషయం మీదే ఒక గ్రంథం రాశాడు.

కూతకూ ఎగరడానికీ ఉన్న క్రియలు ఇంకా నిశితమైనవి. ఫెజెంట్ పుంజు కూత గౌ, పెట్ట కూత యావ్. సారసం కూత లీ. క్రీ.శ. 383లో ఫెయ్ నది యుద్ధంలో ఓడి పారిపోయిన సైనికులు గాలి శబ్దాన్నీ లీనీ విని శత్రువు తరుముతున్నాడనుకున్నారు. రెక్కలు పైకీ కిందికీ ఆడిస్తూ ఎగిరితే ఆవ్. కదల్చకుండా తేలితే ష్యాంగ్ అని హాన్ వ్యాఖ్యాత గావ్ యౌ వివరణ. పైకి ఎగరడం ష్యె, కిందికి దిగడం హాంగ్ అని మావ్ వ్యాఖ్య. పిల్లపక్షి మళ్లీమళ్లీ ఎగరడం షీ. అభ్యాసం అన్న అర్థం దాని నుంచే వచ్చింది. కన్ఫ్యూషియస్ సంభాషణల మొదటి వాక్యంలోని మాట ఇదే.

పక్షి ఊసే లేని మాటల్లోనూ పక్షి బొమ్మ దాగి ఉంది. చేతిలో ఒక పక్షి ఉంటే ఒకటి అనే అర్థంగల జి. రెండుంటే జత అనే అర్థంగల ష్వాంగ్. చెట్టు మీద పక్షులు వాలితే జీ, అంటే కూడటం. ఒక రచయిత సంపుటిని జీ అనడం దీని నుంచే వచ్చింది. ఇవన్నీ జ్వేయ్ గుర్తుతో రాసేవే. విడి పదంగా కనుమరుగైన జ్వేయ్ లిపిలో ఇంత చోటు నిలుపుకుంది.

ఛిన్ పరిధిని చివరగా విస్తారంగా క్రమబద్ధం చేసినవాడు లీ షిజెన్. 1578లో పూర్తయి 1596లో అచ్చయిన తన 'బెన్‌త్సావ్ గాంగ్‌మూ'లో అతడు ఛిన్‌లను నీటివి, మైదానపువి, అడవివి, కొండవి అని నాలుగుగా విభజించాడు. గబ్బిలం, ఎగిరే ఉడుత కూడా ఇందులో మైదానపు ఛిన్‌లే. వాటికి ఈకలు లేవు కనుక 'అర్‌యా' నిర్వచనం ఇక్కడ చెల్లదు. ఎగరగలదా, ఎక్కడ ఉంటుంది అన్నవే అతడి కొలతలు. కాబట్టి ఛిన్ అన్న మాట వేట వర్ణనలో పట్టుబడిన జంతువు, 'అర్‌యా'లో ఈకల ప్రాణి, మెన్షియస్ దగ్గర నింద, వైద్యగ్రంథంలో ఎగిరే ప్రాణి. అది ఏ రకం గ్రంథమో చూడకుండా ఒక్క నిఘంటువు అర్థంతో చదివితే నాలుగింట మూడు చోట్ల పొరబడక తప్పదు.