బిగువు తెలిసిన చేతులు

మేపుల్ సిరప్ అనగానే చెట్టుకు వేలాడే బకెట్టే గుర్తొస్తుంది. కెనడాలోని క్యూబెక్‌లో, అమెరికాలోని వెర్మాంట్‌లో పెద్ద తోటలు ఆ బకెట్లను వదిలేసి చాలాకాలమైంది. ఇప్పుడు చెట్ల రసాన్ని మోస్తూ చెట్టు నుంచి చెట్టుకు ప్లాస్టిక్ గొట్టాలు సాగుతాయి. సిరప్ కాచేవాళ్లకు దక్కే మెప్పు ఈ గొట్టాలు కట్టేవాళ్లకు దక్కదు. నా ఓటు మాత్రం వీళ్లకే.

సన్నగొట్టాల రసమంతా చేరే పెద్ద గొట్టం తనంతట తాను నిలవదు. ఆసరాగా ఉక్కు తీగ లాగి, కొసల్లో బలమైన చెట్లకు కట్టి, రాట్చెట్‌తో బిగిస్తారు. తీగ బెరడును కోయకుండా మధ్యన చెక్కముక్కలు పెడతారు. ఆ తర్వాత దారిలోని చెట్లకు పక్కతీగలు వేసి, ఒకచోట పైకి, ఒకచోట కిందికి గుంజుతూ వాలు సరిచేస్తారు. నూరు అడుగులకు రెండు అడుగులైనా దిగాలి. పనితనమంతా ఇక్కడే. బట్టలారేసే తాడులా ఎక్కడైనా కిందికి జారితే ఆ వంపులో రసం నిలిచి, రాత్రికి గడ్డకడుతుంది. తెల్లవారి ఎండకు చెట్లన్నీ కారుతున్నా, అది కరిగేదాకా పై రసానికి దారి లేదు.

సన్నగొట్టాలకైతే తీగ కూడా ఉండదు. ఒక చెట్టుకు ఇటు, మరో చెట్టుకు అటు ఆనుకుంటూ వంకరగా పోవడంలోనే వాటి బిగువుంది.

ఇంతా చేశాక ఉడతలు కొరుకుతాయి (వాటికీ తీపి తెలుసు మరి!). చిల్లు పడితే, గొట్టాల్లోంచి రసం లాగే వాక్యూమ్ పంపు దానికి బదులు గాలి పీలుస్తుంది. మంచులో లైన్ల వెంట నడుస్తూ, బుస్సుమనే చప్పుడును బట్టి ఆ చిల్లును పట్టుకోవాలి.

లీటరు సిరప్‌కు సుమారు 40 లీటర్ల రసం కావాలి. సీజను కొన్ని వారాలే. సీసా మీది ధర ఎక్కువని నేననను.