రాహువు, భూచ్ఛాయ: బ్రహ్మగుప్తుడిని ఎలా చదవాలి?

గ్రహణానికి మన సంప్రదాయం ఒకటి కాదు, రెండు కారణాలు చెప్పిందని ముందుగా గుర్తించండి. పురాణాల్లో, తల తెగిన రాహువు పగబట్టి సూర్యచంద్రులను మింగుతాడు. సిద్ధాంత గ్రంథాల్లో చంద్రగ్రహణానికి భూమి నీడ, సూర్యగ్రహణానికి చంద్రుడి అడ్డు కారణాలు. ఆర్యభటుడు క్రీ.శ. 499 ప్రాంతంలోనే ఈ రెండో మాట చెప్పాడు. ప్రాచీనులకు అన్నీ తెలుసనేవారూ, వారివన్నీ మూఢనమ్మకాలే అనేవారూ ఈ తేడాను చూడరు.

ఈ రెండూ ఒకే పుస్తకంలో ఎదురుపడటం మీకు బ్రహ్మగుప్తుడిలో కనిపిస్తుంది. క్రీ.శ. 628 నాటి బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలో ఆయన, రాహువును కాదనడం వేదస్మృతులకు విరుద్ధమని ఆర్యభటాదులను తప్పుపట్టాడు. బ్రహ్మ వరంతో రాహువు భూమి నీడలో ప్రవేశిస్తాడని సర్దిచెప్పాడు. తీరా గణితానికి వచ్చేసరికి నీడ వ్యాసం, చంద్రబింబం, పాతం మాత్రమే తీసుకున్నాడు. (పాతమంటే చంద్రకక్ష్య సూర్యమార్గాన్ని ఖండించే బిందువు. మన పంచాంగాల్లో రాహుకేతువులంటే ఈ బిందువులే.)

అల్ బిరూనీ 1030 ప్రాంతంలో ఈ వైరుధ్యాన్ని పట్టుకున్నాడు. సోక్రటీసుకు పట్టిన గతి తనకూ పడుతుందని బ్రహ్మగుప్తుడు జంకి ఉంటాడని ఊహించాడు. ఆ అరబ్బీ గ్రంథాన్ని 1958లో అచ్చువేసింది మన హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్ సంస్థే. అల్ బిరూనీ పరిశీలన గొప్పది. ఊహ మాత్రం తొందరపాటు అని నా అభిప్రాయం. ఆర్యభటుణ్ణి అంత కటువుగా విమర్శించినవాడిలో పిరికితనం నాకు కనిపించదు. శ్రుతికి ఒక గౌరవం, లెక్కకు మరొక గౌరవం ఇచ్చాడనుకోవడమే సమంజసం.

అయితే సిద్ధాంతం ఉన్నంత మాత్రాన అది ఆధునిక విజ్ఞానం కాదు. పాతబస్తీలోని ఫిసల్‌బండలో నవాబ్ జఫర్ జంగ్ 1901లో సంకల్పించిన వేధశాలను చూడండి. 15 అంగుళాల దూరదర్శిని తెప్పించాడు. 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని స్వీకరించి, తరువాత బేగంపేటకు తరలించింది. నిజామియా వేధశాలగా అది దక్షిణ క్రాంతి 17 నుంచి 23 డిగ్రీల వరకు ఆకాశాన్ని ఫొటో ఫలకాలపైకి ఎక్కించి, నక్షత్రాల స్థానాలను కొలిచి ప్రకటించింది. ఆ అంకెలను ఏ దేశంవారైనా మళ్లీ కొలిచి తప్పు చూపవచ్చు. రాహువు విషయంలో ఆ వీలు ఎవరికుంది?

ఇంట్లో ఉంటే ఒక పూర్వసిద్ధాంత పంచాంగం, ఒక దృగ్గణిత పంచాంగం దగ్గర పెట్టుకోండి. ఒకే తిథి ముగిసే వేళ రెండింటిలో వేరుగా ఉంటుంది. పండుగ తేదీలపై వివాదాలు చాలావరకు అక్కడే పుడతాయి. తరువాత గ్రహణ పుటలు తెరిచి చూడండి. పూర్వసిద్ధాంతులలో కూడా చాలామంది అక్కడ దృగ్గణిత సమయాలే వేస్తారు. గ్రహణం తప్పితే వీధిలో పిల్లవాడికి కూడా తెలిసిపోతుంది మరి!