బొక్క అతికింది, రెక్క లేవలేదు

మానుకోట దిక్కు నుంచి ఓ ముసలమ్మ జబ్బ విరిగి వచ్చింది. స్కానింగ్ అనగానే గోడ మీది బోర్డు చూసి, "కడుపుతోటి ఉన్నోళ్లకు జేసేది నాకెందుకు బిడ్డా?" అంది. ఆమె అనుమానం సబబే. 1994 నాటి చట్టం ప్రకారం అల్ట్రాసౌండ్ యంత్రం ఎక్కడున్నా నమోదు కావాల్సిందే. లింగ నిర్ధారణ చేయబోమన్న బోర్డు ఉండాల్సిందే, చూసేది భుజమే అయినా. ఎముకల డాక్టరు నమోదు కాని చిన్న స్కాన్ ప్రోబ్ జేబులో వేసుకుని వార్డంతా తిరగడం మన దగ్గర కుదరదు. ఆడపిల్లల కోసం వచ్చిన కట్టడి కాబట్టి నేను విసుక్కోను.

విరిగిన జబ్బకు స్కాన్ ఎందుకంటారా? ఉద్యోగం కొత్తలో నా చేతిలోనే ఒక తప్పు జరిగింది. జనగామ పక్క పల్లె గీత కార్మికుడు తాటిచెట్టు మీంచి జారిపడ్డాడు. ఎక్స్‌రేలో జబ్బ ఎముక తల దగ్గర సన్నటి పగులు. పగులు దొరికింది కదా, నా వెతుకులాట అక్కడితో ఆగిపోయింది. ఆరు వారాలకు మళ్లీ వచ్చి, "బొక్క అతికిందంటున్నరు, రెక్క లేస్తలేదు సారూ" అన్నాడు. మోకు పైకి విసరాలంటే రెక్క లేవాలి. అప్పుడు స్కాన్ చేస్తే, చెయ్యి ఎత్తే టెండన్ తెగి లోపలికి జరిగిపోయి ఉంది. ఆలస్యమైనకొద్దీ కండ సన్నబడి కొవ్వు చేరుతుంది, కుట్టడం కష్టమవుతుంది. 2024లో ప్రభుత్వం గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కవచం పేరుతో కిట్లు పంచడం మొదలుపెట్టింది. అతను పడింది అంతకు చాలా ముందు.

ఎక్స్‌రే టెండన్‌ను చూపదు. విరిగిన చెయ్యి ఎటూ లేవదు కాబట్టి లేపి చూసే పరీక్షా పనికిరాదు. ఇక నా చేతిలో ఉన్నది అల్ట్రాసౌండ్. అదీ తేలిక కాదు. మామూలు రోగినైతే చెయ్యి వెనక జేబులో పెట్టమంటాం, టెండన్ ఎముక కప్పు కింద నుంచి బయటికొస్తుంది. విరిగినవాళ్లకు ఆ మాట చెప్పలేం. కట్టు కదలనిచ్చినంత మేరకే చూసి, నొప్పి తగ్గాక మళ్లీ పిలవాలి. ఇంకో చిక్కు ప్రోబ్‌తోనే. కాస్త వాలిందంటే నిక్షేపంలాంటి టెండన్ కూడా నల్లగా, తెగినట్టు కనిపిస్తుంది. ప్రోబ్ పట్టిన మన మణికట్టును కొంచెం అటూ ఇటూ వంచి చూడాలి. నలుపు పోతే భ్రమ, పోకపోతే చిరుగు కావచ్చు. ఆ వంపు పుస్తకంలో చదివితే రాదు. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో మెడికల్ కాలేజీలు వచ్చాయి. అక్కడి పిల్లల చేతికి ఎవరైనా ఇది నేర్పితే, బొగ్గుబాయిలో దెబ్బ తగిలినవాళ్లూ చెట్టు మీంచి పడ్డవాళ్లూ భుజం స్కాన్ కోసం వరంగల్ బస్సెక్కే పని తప్పుతుంది.

ముసలమ్మ విరిగిన భుజంలో టెండన్ తెగే ఉంది. పాతదా, కొత్తదా? పోల్చి చూద్దామని రెండో భుజానికి జెల్ రాశాను.

"గది మంచిగనే ఉన్నది గద, దాన్నెందుకు జూస్తున్నవ్? మొన్నటిదాంక మిరపకాయలేరిన దాంతోటి."

ప్రోబ్ వంచి చూశాను. నలుపు పోలేదు. అటుదీ తెగే ఉంది, ఎన్నేళ్ల నుంచో.